చీటీకీ తక్కెడకీ మధ్య

కొనే మనిషి చెయ్యి ఏ గోతాం మీదికి, ఏ ప్యాకెట్ మీదికి పోతుందో సరిగ్గా అక్కడ నిలబడి ఒక మాట చెప్పడం సరుకుల అంగడిలో డైటీషియన్ పని. ఆసుపత్రిలో రాసిచ్చిన పథ్యం కాగితానికీ ఇంట్లో పొయ్యి మీద ఉడికే గిన్నెకీ నడుమ అంగడి ఒకటుంది. కాగితం మీద పీచు ఎక్కువున్న ధాన్యం తినమని ఉంటుంది. అంగట్లో పీచు అని పేరు రాసిన గోతాం ఎక్కడా కనిపించదు. అక్కడ ఉండేవి కొర్రలు, జొన్నలు, గోధుమ రవ్వ, ఓట్స్ ప్యాకెట్లు, వాటి ధరలు, వెనక నిలబడి తొందరపెట్టే జనం. కాగితం మీది మాటను ఈ సరుకుల్లోకి, చేతిలో ఉన్న డబ్బులకు సరిపడేటట్టు దించి చెప్పగలిగే మనిషే అంగడి డైటీషియన్.

ఈ ఉద్యోగం కుదురుకున్నది అమెరికా, కెనడా దేశాల్లో. అయోవా రాష్ట్రం కేంద్రంగా నడిచే హై-వీ, ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించే షాప్‌రైట్, కెనడాలో లోబ్లాస్ వంటి పెద్ద అంగళ్లు డైటీషియన్లను జీతానికి పెట్టుకున్నాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లను నలుగురైదుగురిని వెంటబెట్టుకుని అరల మధ్య తిప్పుతూ ప్యాకెట్ వెనకవైపు చదివించడం వాళ్ల పనుల్లో ముఖ్యమైనది. గోధుమ పడనివాళ్లకు, పల్లీ పడనివాళ్లకు ఏది తీసుకోవచ్చో చూపిస్తారు. అంగట్లోనే చిన్న పొయ్యి పెట్టి వండి రుచి చూపిస్తారు. అదే కప్పు కింద మందుల దుకాణం ఉంటే ఫార్మసిస్టుతో మాట్లాడి, ఫలానా మాత్ర వేసుకునేవాళ్లు ఏ ఆహారంతో జాగ్రత్తగా ఉండాలో చెబుతారు. మెయిన్ రాష్ట్రానికి చెందిన హానాఫర్డ్ అంగళ్లు 2006లో ఇంకో దారి పట్టాయి. పోషక విలువను బట్టి సరుకు ధర చీటీ మీద ఒకటి నుంచి మూడు దాకా నక్షత్రాలు వేశాయి. డైటీషియన్ లేని వేళ కూడా అర తనంతట తానే మాట చెప్పేటట్టు చేయడం దీని ఉద్దేశం.

అక్కడ ఈ వృత్తికి వయసు కూడా ఉంది. అమెరికా డైటీషియన్ల సంఘం 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టింది. 2024 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే పోస్టు గ్రాడ్యుయేషన్ ఉండాలన్న నిబంధన వచ్చింది. భారతదేశంలో ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ 1963లో ఏర్పడింది. రిజిస్టర్డ్ డైటీషియన్ గుర్తింపునకు పరీక్ష పెట్టేది అదే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం డైటీషియన్లను, న్యూట్రిషనిస్టులను తన జాబితాలో చేర్చింది. చదువుకు అనంతపురంలోనే చోటుంది. సత్యసాయి విశ్వవిద్యాలయం మహిళా ప్రాంగణంలో ఆహార, పోషక శాస్త్రం చెబుతారు. పాఠం ఊళ్లోనే ఉంది గానీ, చదివి బయటికి వచ్చిన అమ్మాయికి దొరికే కుర్చీ ఆసుపత్రిలోనో కళాశాలలోనో ఉంటుంది. కిరాణా అంగట్లో ఆమె కోసం కుర్చీ వేసే అలవాటు ఈ దేశంలో ఇంకా రాలేదు. అంగడివాళ్లు ఇచ్చే సలహా అంతా తక్కెడ పట్టుకున్న శెట్టి నోటి నుంచో, అర మీది ప్యాకెట్ రంగుల్లోంచో వస్తుంది.

అనంతపురం పీఠభూమిలో ఆ కుర్చీకి ఎంత పని ఉందో తెలియాలంటే ముందు నేలను చూడాలి. పడమటి కనుమల వాన నీడలో ఉన్న ప్రాంతమిది. నైరుతి మేఘం ఇక్కడికి వచ్చేసరికి ఖాళీ అవుతుంది, ఈశాన్యపు తుఫాను గాలి వచ్చేసరికి నీరసపడుతుంది. ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు పడితేనే. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పాటు చేశారు గానీ, రెండు జిల్లాల ఎర్రనేలా ఒకటే, ఎదురుచూసే మబ్బూ ఒకటే. ఈ నేల పాత పంటలు కొర్ర, సామ, ఆరిక, జొన్న, రాగి, ఉలవ, అనుము, అలసంద. తర్వాత చెనక్కాయ వచ్చి వాటిని గట్ల మీదికి నెట్టింది. వరన్నం పండగ నాటి తిండిగా ఉన్న రోజులు ఇప్పటి ముసలివాళ్లకు జ్ఞాపకమే.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. కరువు ఇంట్లో పొయ్యి వెలిగించిన పథకమది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం ఆకలి తెలియనివాళ్లకే చెల్లుతుంది. కానీ దానితోపాటు ఇంకొకటి కూడా జరిగింది. రోజూ తినే ధాన్యం చేను నుంచి కాక చౌక దుకాణం నుంచి రావడం మొదలైంది. చేను ఇచ్చినప్పుడు కొర్రతో పాటు సాళ్లలో కంది, అనుము, అలసంద కూడా ఇంటికి వచ్చేవి. దుకాణం ఇచ్చింది బియ్యం. పప్పు డబ్బు పెట్టి కొనాల్సిన సరుకైంది. అంటే ఇంటి తిండిని తేల్చే చోటు పొలం గట్టు నుంచి అంగడి గడపకు మారింది. ఈ ప్రాంతంలో డైటీషియన్ అంగట్లో నిలబడవలసిన కారణం ఇంతకన్నా వేరే వెతకనక్కర్లేదు.

అంగడి డైటీషియన్ చేతికి మొదట అందవలసింది నెల సరుకుల చీటీ. ఆ చీటీని కొలవడానికి ఒక గజంబద్ద ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. పెద్ద శ్రమ లేని పెద్ద మనిషికి రోజుకు రెండు వేల కిలో క్యాలరీల లెక్కన ఆ సంస్థ చెప్పిన పళ్లెంలో 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్డు, మాంసం, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు, 27 గ్రాముల నూనె ఉన్నాయి.

గ్రాముల్లో ఉన్నంతసేపు ఈ అంకెలు ఎవరికీ పట్టవు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెల లెక్క కడితే అంగడి భాషలోకి వస్తాయి. ధాన్యం 30 కిలోలు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి పది కిలోల పైచిలుకు. చెనక్కాయల వంటి గింజలు నాలుగు కిలోలు. నూనె మూడున్నర లీటర్లు. ఉప్పు మనిషికి రోజుకు ఐదు గ్రాముల లెక్కన 600 గ్రాములు. ఇప్పుడు ఇంటి చీటీ పక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. మనిషికి ఐదు కిలోల చొప్పున 20 కిలోల బియ్యం చౌక దుకాణంలోనే వస్తుంది. పైన సన్నబియ్యం బస్తా పడితే ధాన్యం లెక్క దాటిపోతుంది. బేడలు రెండు కిలోలు, పెసలు అరకిలో అని రాసి ఉంటే పప్పు వరుసలో పెద్ద గుంట ఉన్నట్టు. నూనె ఐదు ప్యాకెట్లని ఉంటే ఒకటిన్నర లీటరు ఎక్కువ. కిలో ఉప్పు ప్యాకెట్ నెలకు అయిపోతుంటే, ఊరగాయలకు కొన్నది విడిగా లెక్క వేయకుండానే, పరిమితి దాటినట్టు. చెనక్కాయ తీయడానికో బేల్దారి పనికో పోయే మనిషికి ధాన్యం, నూనె ఇంతకన్నా ఎక్కువే పడతాయి. ఆ తేడా అడిగి తెలుసుకోవడం డైటీషియన్ వంతు. ఐదు నిమిషాల్లో అయ్యే పని ఇది. తక్కెడ పక్కన కాగితం, పెన్ను ఉంటే చాలు.

పప్పుల గుంటను పూడ్చడం దగ్గర డైటీషియన్‌కూ ఖరీదుకూ పేచీ వస్తుంది. కందిబేడల ధర చూసి చీటీలో అంకె తగ్గించుకునే ఇంటికి బాదం, చియా గింజలు చెప్పే సలహాదారు అనంతపురం అంగట్లో ఒక్క పూట కూడా నిలవదు. ఆ పక్క గోతాంలోనే ఉలవలు ఉంటాయి. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు, 270 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉన్నాయి, ఇనుము కూడా బియ్యం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎద్దులకు ఉడకబెట్టే దాణా అన్న పేరు పడడం వల్ల ఉలవకు అంగట్లో గౌరవం తక్కువ. ఉలవచారు పేరుతో పట్నం హోటళ్లలో గిన్నెకు ఎంత తీసుకుంటున్నారో తెలిస్తే ఆ గౌరవం కొంత పెరుగుతుందేమో. ఉలవలు, అలసందలు రాత్రి నానబెట్టి గుడ్డలో మూటకట్టి మొలకలు తెప్పిస్తే ఒంటికి ఇంకా బాగా పడతాయి.

రాగుల విషయంలో అంగడి మాటలు రెండు వైపులా హద్దు దాటుతున్నాయి. రాగి గొప్పదనం కాల్షియంలో ఉంది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. పీచు కూడా రాగిలో బాగా ఎక్కువ. అయితే మాంసకృత్తుల్లో రాగి బియ్యాన్ని మించింది కాదు, ఒకింత తక్కువే. సంగటి ముద్ద పక్కన పప్పు, ఊరిబిండి, కోడి పులుసు పెట్టుకునే సీమ పద్ధతి ఈ లోటును ఎప్పుడో పూడ్చింది. సంగటిని చట్నీ నీళ్లతో మింగి సరిపెట్టుకునే ఇంట్లోనే ఇబ్బంది. ఇక చక్కెర జబ్బువాళ్లు రాగిని ఎంత తిన్నా ఏమీ కాదన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. మెత్తగా పట్టించిన పిండిని పలచగా జావ కాచి తాగితే రక్తంలో చక్కెర చప్పున పెరుగుతుంది. సంగటిలో పడే బియ్యపు నూకల పాలు ఎంత, ముద్ద ఎంత, పక్కన ఆకుకూర, పప్పు ఎంత అన్నవే అక్కడ తేల్చే లెక్కలు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో పది కోట్ల పైచిలుకు మందికి చక్కెర జబ్బు ఉన్నట్టు చెప్పింది. అంగడికి వచ్చే ప్రతి వరుసలోనూ అలాంటి మనిషి ఒకరు ఉంటారనుకుని మాట్లాడడమే మంచిది.

రాగి పేరు పెట్టుకున్న ప్యాకెట్ల సంగతి వేరు. రాగి మాల్ట్ డబ్బా ముందువైపు పచ్చటి కంకి, నవ్వే పిల్లవాడు ఉంటారు. అసలు విషయం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్యాకెట్లో కలిపిన పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందుగా రాయాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. ఆ వరుసలో మొదటి పేరు చక్కెర అయితే అది రాగి వాసన కలిసిన చక్కెర అన్నమాట. పోషకాల పట్టికలో అదనంగా చేర్చిన చక్కెరను విడిగా చూపాలి. వంద గ్రాములకు 40 గ్రాములు అని ఉంటే, 20 గ్రాముల పొడి కలిపిన గ్లాసులో ఎనిమిది గ్రాముల చక్కెర పోతుంది. పైన ఇంట్లో వేసే చెంచా వేరే. బెల్లం, తేనె, మాల్టోడెక్స్‌ట్రిన్ అన్న పేర్లు కూడా ఇదే కుటుంబానికి చెందినవి. మిల్లెట్ నూడుల్స్, మిల్లెట్ బిస్కెట్ల వెనక మొదటి పేరు మైదా కావడం అరుదేమీ కాదు. హెల్త్ డ్రింక్ అన్న మాటకు ఆహార చట్టంలో నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అంగళ్లను ఆ పేరుతో ఉన్న విభాగం నుంచి అలాంటి పొడులను తీసేయమని చెప్పడానికి కారణం అదే. కళ్లజోడు లేకుండా కనిపించని ఆ అక్షరాలను చదివి చెప్పే మనిషి అంగట్లో ఉండడం ఒక్కటే చాలా ఇళ్లకు నెలకు రెండు డబ్బాల ఖర్చు మిగిలిస్తుంది.

చిరుధాన్యాలను కొనేటప్పుడు కంటితో, ముక్కుతో చేయవలసిన పరీక్షలున్నాయి. కొర్ర, సామ, ఆరిక గింజలకు గట్టి పొట్టు ఉంటుంది. రోకలి పోయాక ఆ పొట్టు తీసే పని మిల్లుకు చేరింది. మిల్లు పొట్టుతో ఆగకుండా తవుడు కూడా గీకేస్తే బియ్యం తెల్లగా మెరుస్తాయి, వాటి కోసం పెట్టిన ధర మాత్రం వృథా అవుతుంది. తవుడు మిగిలిన కొర్రబియ్యం పసుపు చాయలో, కాస్త మాసినట్టు ఉంటుంది. దాన్ని ఎక్కువ రోజులు నిలవ పెట్టకూడదు, తవుడులోని నూనె ముక్కిపోతుంది. చారెడు చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూస్తే తెలిసిపోతుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన తింబక్తు కలెక్టివ్ ఈ పొలం నుంచి ప్యాకెట్ దాకా ఉన్న దారిని తన చేతుల్లోకి తీసుకోవడానికి ప్రయత్నించింది. చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల రైతులతో ధరణి అనే సహకార సంఘం ఏర్పడి, రసాయనాలు లేకుండా పండించిన చిరుధాన్యాలు, చెనక్కాయలు, పప్పులు కొని, శుద్ధి చేసి అమ్ముతోంది. ఈ నేల ధాన్యానికి పట్నంలో గిరాకీ ఉందని అది చూపించింది. పండించిన ఊరి అంగట్లో మాత్రం ఇంకా బియ్యం బస్తాలదే ముందు వరుస.

చెనక్కాయ దగ్గర కాసేపు ఆగాలి. అనంతపురానికి అది పంట, అప్పు, పండగ, అన్నీ. వంద గ్రాముల గింజల్లో 25 గ్రాముల దాకా మాంసకృత్తులు, 40 గ్రాముల నూనె ఉన్నాయి. మాంసం కొనలేని ఇంటికి ఇంతకన్నా చవకైన బలం అంగట్లో కనిపించదు. కానీ ఈ గింజకు కరువు తెచ్చే ప్రత్యేకమైన ముప్పు ఒకటుంది. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేసి, నేల కాగి, కాయ వడలినప్పుడు ఆస్పర్జిల్లస్ జాతి బూజు లోపలికి చేరుతుంది. అది వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు దారి తీస్తుంది. నేరుగా తినే గింజల్లో కిలోకు పది మైక్రోగ్రాములు మించకూడదని ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. ఇళ్లలో వేయించితే ఈ విషం పూర్తిగా పోదు.

మంచి గింజలన్నీ వ్యాపారి తీసుకుపోగా మిగిలిన నొక్కులు, చీలినవి, ముడతపడ్డవి తక్కువ ధరకు ఊరి అంగట్లోకి, ఇంటి ఊరిబిండిలోకి చేరే అలవాటు ఉంది. అంగడి డైటీషియన్ ఇక్కడ చాటలో గింజలు పోసి చూపించాలి. నిండుగా, పొర బిగిసి, ఒకే రంగులో ఉన్నది మంచి గింజ. ముడుచుకుపోయి నల్లబడిందీ, విరిస్తే లోపల ఆకుపచ్చ బూజు కనబడేదీ, నాలుక మీద చేదు తగిలేదీ పారవేయవలసినవి. బాగు చేసుకుని అరకిలో తగ్గితే తగ్గనీ. గానుగ నూనె కొనేవాళ్లకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. శుద్ధి చేసేటప్పుడు పోయే విషం, వడగట్టి ఊరుకున్న గానుగ నూనెలో కొంత మిగిలిపోతుంది. కాబట్టి గానుగలో పోసిన గింజ ఎలాంటిదో చూసి కొనాలి. చెనక్కాయ పండే పల్లెలో పామాయిల్ ప్యాకెట్‌తో వంట జరగడం ఈ జిల్లా విడ్డూరాల్లో ఒకటి. పామాయిల్‌లో సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వు ఉంటే, చెనక్కాయ నూనెలో అది ఐదో వంతు. అయితే ఏ నూనెకైనా 27 గ్రాముల గీత ఒకటే.

చౌక దుకాణంలో డైటీషియన్‌కు ఇంకో రకం పని పడుతుంది. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి బలవర్ధక బియ్యం గురించి ప్రకటన చేశాక అది విడతలుగా దుకాణాలకు వచ్చింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, మళ్లీ గింజ ఆకారంలో ఒత్తి, వంద కిలోల బియ్యంలో కిలో చొప్పున కలుపుతారు. ఆ గింజ రంగు ఒకింత తేడాగా ఉంటుంది, నీళ్లలో తేలుతుంది. ప్లాస్టిక్ బియ్యం వచ్చాయన్న పుకారు పుట్టింది అక్కడే. చాలా ఇళ్లలో తేలిన గింజలన్నిటినీ ఏరి పారేశారు. ప్రభుత్వం ఖర్చుపెట్టి కలిపిన ఇనుము కడుగు నీళ్లతో దిబ్బలోకి పోయింది. గోతాం విప్పి, ఆ గింజను అరచేతిలో పెట్టి, నానితే మెత్తబడుతుందని చూపించే మనిషి తూకం దగ్గర ఒక్కరుంటే సరిపోయేది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వాళ్లకు గోగాకు, మునగాకు, ఉలవలతో పాటు నిమ్మకాయ కూడా చీటీలో రాయించాలి. పులుపులోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ దాన్ని అడ్డుకుంటుంది.

రాయలసీమ చౌక దుకాణాల్లో బియ్యం బదులు కొంతమేర రాగులు తీసుకునే వీలు 2023లో వచ్చింది. అదే ఏడాది మార్చిలో పుట్టపర్తి సత్యసాయి సెంట్రల్ ట్రస్టు తోడ్పాటుతో ప్రభుత్వ బడి పిల్లలకు రాగిజావ మొదలైంది. అంటే బడిలో పిల్లవాడు రాగి రుచి మళ్లీ మరిగాడు. ఇంట్లో తల్లికి సంగటి కెలకడం వచ్చో రాదో అన్నది ఇప్పుడు చిక్కు. సంగటి కట్టె పట్టి గడ్డలు కట్టకుండా తిప్పే నేర్పు ఒక తరం వంటగదుల్లో తప్పిపోయింది. అమెరికా అంగట్లో పొయ్యి పెట్టి వండి చూపించేది బహుశా కొత్త తిండి. ఇక్కడ ఆ పొయ్యి మీద ఉడకవలసింది నాయనమ్మ వంట.

ఉప్పు దగ్గర రెండు మాటలు. అయోడిన్ కలిపిన ఉప్పు కొనేవాళ్ల చేతికి వచ్చేసరికి పది లక్షల పాళ్లలో కనీసం 15 పాళ్ల అయోడిన్ ఉండాలి. మూత లేని డబ్బాలో పొయ్యి పక్కన పెడితే అది ఆవిరై తగ్గిపోతుంది. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం క్లోరైడ్ కలుస్తుంది. రక్తపోటు ఉన్నవాళ్లలో కొందరికి అది మేలు చేసినా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ప్యాకెట్‌ను ఎవరి బుట్టలోంచి తీసి మళ్లీ అరలో పెట్టించాలో తెలియడానికే చదువుకున్న డైటీషియన్ కావాలి, అంగడి కుర్రవాడి వల్ల కాదు.

జీతం అంగడి ఇస్తే మాట ఎవరిది అన్న అనుమానం ఈ వృత్తిని వదలదు. అమ్ముడుపోవలసిన డబ్బా గురించి నిజం చెప్పే స్వేచ్ఛ డైటీషియన్‌కు లేకపోతే ఆమె తెల్లకోటు వేసుకున్న సేల్స్‌గర్ల్ అవుతుంది. ఒక్క విషయంలో మాత్రం భారత చట్టం గట్టి గీత గీసింది. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడులు, సీసాలు, డబ్బా ఆహారాల ప్రచారాన్ని 1992 నాటి చట్టం, 2003 సవరణ నిషేధించాయి. ఉచిత నమూనాలు ఇవ్వడం, అమ్మిన డబ్బాకు కమిషన్ ఇవ్వడం నేరం. ఆరు నెలలు తల్లిపాలు, ఆ పైన తల్లిపాలతో పాటు రాగి, పప్పు, చెనక్కాయ కలిపి వేయించి పట్టించిన పిండి అని అంగట్లో నిలబడి చెబితే డబ్బా కంపెనీ దగ్గర జీతం దొరకదు. అందుకే ఈ ప్రాంతంలో ఆ జీతం ప్రభుత్వం నుంచో, సహకార సంఘం నుంచో రావడం సబబుగా కనిపిస్తుంది.

అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త ఇప్పటికే ఈ పనిలో కొంత చేస్తున్నారు. గర్భిణికి, బాలింతకు, చిన్నపిల్లలకు వాళ్ల చెయ్యి అందుతుంది. చక్కెర జబ్బున్న యాభై ఏళ్ల రైతుకు, బీపీ ఉన్న బేల్దారి మేస్త్రీకి, బస్టాండులో బజ్జీలు వేసే ఆమెకు అంగన్‌వాడీతో పని పడదు. వాళ్లందరూ తప్పకుండా వచ్చే చోటు దుకాణం. 2025 జూన్ నుంచి ఇంటింటికి తిరిగే బండ్లు ఆగిపోయి, నెలలో ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు చౌక దుకాణంలోనే బియ్యం ఇస్తున్నారు. మండలానికి ఒక డైటీషియన్ ఉండి, ఆ పదిహేను రోజుల్లో రోజుకో దుకాణం దగ్గర కూర్చుంటే, వేలిముద్ర యంత్రం తిరిగేలోపు మనిషికి రెండు నిమిషాలు దొరుకుతాయి. ఇంట్లో ఎంతమంది, నెలకు నూనె ఎంత, బేడలు ఎంత, ఎవరికి ఏ మాత్ర అన్న నాలుగు ప్రశ్నలకు ఆ సమయం సరిపోతుంది. కిడ్నీ జబ్బు, ఇన్సులిన్ సూది, బరువు పెరగని పసిబిడ్డ అన్న జవాబు వస్తే అక్కడితో ఆపి ఆసుపత్రికి చీటీ రాసివ్వాలి. మిగతావాళ్ల చేతిలో సరుకుల చీటీ దిద్ది పంపవచ్చు.